మర్యాదస్థుల ఆడపిల్లలు ఆడరాని ఆట

ఇట్టి సంచికలలో మన వలసల చరిత్రయు, మన మగ్గముల చరిత్రయు, మన పండుగల విశేషములును వ్రాయుట ఆచారము. పెద్దలు, పండితులు ఆ పనిని చక్కగా నిర్వహించుచున్నారు. నేను పండితుడను కాను. మెట్రిక్ వరకు చదివి, షోలాపురమున ఒక కార్యాలయములో ముప్పదియైదేండ్లు గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. ఇట్టివాడు జపాను దేశపు బొమ్మల కథను గూర్చి వ్రాయ బూనుట సాహసమే. ఆ సాహసమునకు కారకురాలు మా మనుమరాలు.

గడచిన దసరా సెలవులలో ఆ పిల్ల భూగోళ పటముల పుస్తకమును ఒడిలో పెట్టుకొని గంటల తరబడి కదలక కూర్చుండెను. ఇంత శ్రద్ధ ఎక్కడినుండి వచ్చెనా యని వెనుకనుండి చూడగా, పటముల నడుమ మరియొక చిన్న పుస్తకము కనబడినది. పొడుగు దుస్తులు ధరించిన ఇద్దరు బాలికలు, చేత ఆట మీటలు పట్టుకొని, ఒకరినొకరు మ్రింగునట్లు చూచుకొనుచున్నారు. నేను కోపించితిని. ఆ పిల్ల బెదరక, "తాతా, ముందు చదువు, తర్వాత తిట్టు" అన్నది. న్యాయమైన మాట. చదివితిని. చదివిన పిమ్మట ఆ కథ వెనుక నూటయేబదియేండ్ల చరిత్ర యున్నదని తెలిసికొంటిని. తెలిసికొన్నంత వరకు ఇచట విన్నవించుచున్నాను.

కథాసంగ్రహము

జపానులో బొమ్మల కథలను మాంగా అందురు. ఈ మాంగాను వ్రాసి చిత్రించినది ఎజిమా ఎరి. ఇది 2020వ సంవత్సరమునుండి 'కామిక్ ఫ్లాపర్' అను మాసపత్రికలో వెలువడ జొచ్చినది. దీని పేరును మన భాషలో చెప్పవలెనన్న, "పోటీకి కృతజ్ఞతలు: దొరబిడ్డలు పోరాటపు ఆటలు ఆడరు" అని చెప్పవచ్చును. అయా అను సామాన్య కుటుంబపు పిల్ల సంపన్నుల బాలికలు చదువు ఒక గొప్ప విద్యాలయమున చేరును. అచట వసతిగృహము, మృదుభాషణము, అడుగడుగునకు వినయము. ఆటయంత్రములు పూర్తిగా నిషిద్ధములు. ఆ బడిలో అందరును ఆరాధించు ఒక సుందరి కలదు. ఆమెను 'శ్వేతపద్మము' అనదగిన గౌరవనామముతో పిలుతురు. జపాను మాట షిరాయూరి, అనగా తెల్లని లిల్లీ పువ్వు. ఒకనాడు ఆ షిరాయూరి ఎవరును లేని చోట ఒంటరిగా కూర్చుండి, పండ్లు కొరుకుచు, పోరాటపు విడియో ఆట ఆడుచుండగా అయా చూచును. అయా కూడ ఒకప్పుడు ఆ ఆటయందు ఆరితేరి, మానివేసి, మర్యాదస్థురాలు కావలెనని ఈ బడికి వచ్చినదే. అటుపిమ్మట వారిద్దరి రహస్యపు పోటీలే కథ.

ఇందులో ప్రేమకథ కంటెను, నవ్వు కంటెను నన్ను ఆకర్షించినది ఒక చిన్న విషయము. పట్టుబడినచో బడినుండి వెడలగొట్టుదురను భయముండియు, ఓడిన పిల్ల మరల ఆడవలె నని పట్టుపట్టును. ఆట ముగియగానే "పోటీకి కృతజ్ఞతలు" అని పలుకుట ఆ ఆటగాండ్ర సంప్రదాయము. జపాను భాషలో కృతజ్ఞతకు వాడు 'అరిగతో' అను మాటకు మూలార్థము 'ఉండుట దుర్లభము' అని. సమానుడైన ప్రత్యర్థి దొరకుట దుర్లభము గనుకనే కృతజ్ఞత.

బాలికా విద్యాలయములు

దొరబిడ్డల బడి యనునది జపానులో ఎట్లు పుట్టినది? 1870వ సంవత్సరమున మేరీ కిడ్డర్ అను అమెరికా దేశపు ఉపాధ్యాయిని యోకొహామాలో బాలికలకు చదువు చెప్ప నారంభించెను. అదియే తరువాత ఫెర్రిస్ విద్యాలయమైనది. 1871లో జపాను ప్రభుత్వము పాశ్చాత్య దేశములకు పంపిన రాయబార బృందముతో అయిదుగురు బాలికలను గూడ అమెరికాకు చదువుకొనుటకై పంపినది. వారిలో అందరికంటె చిన్నదియగు త్సుదా ఉమెకో వయస్సు నాటికి ఆరేండ్లు. ఆమె 1882లో తిరిగివచ్చునప్పటికి మాతృభాష మరచిపోయినది. అయినను 1900లో తన స్వంత విద్యాలయమును స్థాపించినది. 2024లో జపాను ప్రభుత్వము వెలువరించిన క్రొత్త అయిదువేల యెన్‌ల నోటుపై ఆమె చిత్రమే యున్నది.

1872 నాటి విద్యాశాసనము బాలబాలికల కిరువురకు చదువుండవలెనని ఘోషించినది. కాని 1879 నాటి ఆజ్ఞ ప్రాథమిక పాఠశాల దాటిన పిమ్మట ఇరువురు కలిసి చదువరాదన్నది. 1899లో ఉన్నత బాలికా పాఠశాలల శాసనము వచ్చినది. ప్రతి జిల్లా ప్రభుత్వమును ఇట్టి బడిని నెలకొల్పవలెను. ఇది ఒక మేలు. అయితే ఆ బడుల లక్ష్యము 'మంచి భార్య, వివేకముగల తల్లి' యను నాలుగు మాటలలో ఇమిడియున్నది. బాలురకన్న గణితము తక్కువ. కుట్టుపని, గృహనిర్వహణము ఎక్కువ.

ఇచట ఒక విచిత్రమును చెప్పవలెను. నాటి బాలికలు తమలో తాము మాటల చివర ఒక విధమైన ముద్దుపలుకులు చేర్చి మాటాడుకొనెడివారు. 1888లో ప్రసిద్ధ రచయిత ఒజాకి కోయో ఈ పలుకుబడి నీచమైనదని, మర్యాదగల బాలికలు దీనిని విడువవలెనని విమర్శించెను. బాలికలు విడువలేదు. రెండు మూడు తరములు గడచునప్పటికి ఆ పలుకుబడియే సంపన్న గృహముల స్త్రీల సుకుమార భాష యని పేరొందినది! నేటి మాంగాలో దొరబిడ్డలు పలుకునది ఆ భాషయే. ఒక తరమువారు అసభ్యమన్నది మరియొక తరమువారికి సభ్యతకు గుర్తయినది.

సైకిలు విషయమును అట్టిదే. 1900 ప్రాంతమున సంగీత విద్యాలయమునకు సైకిలుపై వెళ్ళిన మియురా తమాకి అను విద్యార్థినిని చూచుటకు జనులు వీధులలో గుమిగూడెడివారు. ఆమెయే తరువాత దేశదేశముల కీర్తిగాంచిన గాయని యైనది. 1903లో కొసుగి తెంగై రచించిన నవల యొకటి సైకిలెక్కిన విద్యార్థినితోనే ప్రారంభమగును. నాటి వారికి సైకిలు ఎట్టిదో, నేటి కథలో విడియో ఆట అట్టిది.

క్రీడాంగణమున

1928లో ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్ క్రీడలలో హితోమి కినుయె 800 మీటరుల పందెమున రజత పతకము గెలుచుకొనెను. ఒలింపిక్ పతకము పొందిన ప్రథమ జపాను మహిళ ఆమెయే. కాని పరుగు ముగియగానే స్త్రీలు అలసి కూలబడిరన్న వార్త వ్యాపించుటచేత, ఆ పందెము స్త్రీలకు తగదని నిర్వాహకులు తొలగించిరి. 1960 వరకు దానిని తిరిగి చేర్చలేదు. పరుగిడి అలసిన పురుషుని వీరుడందుము. అలసిన స్త్రీని చూచి పందెమునే రద్దు చేసితిమి. హితోమి 1931లో, ఇరువదినాలుగేండ్ల వయస్సున ఊపిరితిత్తుల వ్యాధిచే మరణించెను.

యుద్ధానంతరము 1946లో జపాను స్త్రీలు తొలిసారి వోటు వేసిరి. ముప్పదితొమ్మిదిమంది స్త్రీలు ప్రతినిధులుగా ఎన్నికైరి. 1947 నాటి విద్యాశాసనము బాలబాలికల సహవిద్యను అంగీకరించినది. 1964లో టోకియో ఒలింపిక్ క్రీడలలో స్త్రీల వాలీబాలు జట్టు సోవియట్ జట్టును ఓడించి స్వర్ణము గెలిచినది. ఆ జట్టులోని వారు చాలమంది కైజూకాలోని ఒక నూలు మిల్లు ఉద్యోగినులు. పగలు మిల్లులో పని, పిమ్మట రాత్రి ప్రొద్దుపోవువరకు అభ్యాసము. మిల్లు కూతలకు మేల్కొని పెరిగిన మా షోలాపురము వారికి ఈ సంగతి వేరుగా వివరింప నక్కరలేదు.

పత్రికలు, బొమ్మల కథలు

బాలికలకై ప్రత్యేకమైన మాసపత్రికలు జపానులో 1902లోనే ఆరంభమైనవి. 1908లో 'షోజో నో తోమో', అనగా బాలికల నేస్తము, 1923లో 'షోజో కురాబు' వెలసినవి. యోషియా నొబుకో అను రచయిత్రి 1916నుండి వ్రాసిన పూల కథలలో బాలికా విద్యాలయపు స్నేహములు, విరహములు, లేఖలు ప్రధానములు. ఒకే బడిలోని పెద్దపిల్లను చిన్నపిల్ల ఆరాధించుట అను వస్తువు అప్పటినుండి నిలిచిపోయినది. 1998లో ఆరంభమైన కొన్నో ఒయుకి నవలల వరకు అది ప్రవహించినది. మన షిరాయూరి ఆ వంశమున జనించినదే.

రెండవ ధార 1953లో మొదలైనది. తెజుకా ఒసాము 'షోజో కురాబు'లో ఒక రాకుమార్తె కథను చిత్రించెను. సింహాసనముకొరకు ఆమె తాను ఆడుదానినని దాచి, పురుష వేషమున కత్తి దూయును. ఇచట దాచవలసినది స్త్రీత్వము. ఎజిమా ఎరి కథలో దాచవలసినది ఆట. రెంటియందును దాచుట తప్పలేదు. 1964 నాటి విజయము వెనువెంట, 1968లో వాలీబాలును గూర్చియు, 1973లో టెన్నిసును గూర్చియు బాలికల మాంగాలు వెలువడి విశేష ఖ్యాతి గడించినవి. ఈ రెండు ధారలను, అనగా సుకుమార విద్యాలయమును, చెమటోడ్చు క్రీడను, కలిపి ఒక గదిలో మూసినట్లున్నది నేటి కథ.

ఆటయంత్రముల పుట్టుక

నింటెండో అను సంస్థను ఎరుగని పిల్లవాడు నేడు లేడు. అది 1889లో క్యోటో నగరమున పూలబొమ్మల పేకముక్కలు తయారుచేయు చిన్న అంగడిగా ప్రారంభమైనది. జపానులో పేకను 'కరుతా' అందురు. అది పోర్చుగీసు వర్తకులు తెచ్చిన మాట. జూదమని పాలకులు పలుమార్లు నిషేధించిరి. నిషేధించినప్పుడెల్ల ముక్కలపై బొమ్మలు మారినవే గాని ఆట మానలేదు.

1978లో తైతో సంస్థవారి 'స్పేస్ ఇన్వేడర్స్' దేశము నంతటిని ఊపివేసినది. ఆటల అంగళ్ళు వెలసినవి. అవి మగవారి పొగచుట్టల నెలవులు. అచటికి స్త్రీలు గూడ రావలెనన్న తలంపుతో నామ్కో సంస్థలో ఇవతాని తోరు 1980లో 'ప్యాక్‌మాన్' కల్పించెను. కాల్పులకు బదులు తినుటను ఆట చేసెను. 1983లో నింటెండోవారి యంత్రము ఇండ్లలోనికి వచ్చెను. 1985లో అమలునకు వచ్చిన శాసనము ఆటల అంగళ్ళను కూడ కట్టుబాటు క్రిందికి తెచ్చి, రాత్రివేళ పిల్లలు అచట ఉండరాదన్నది. 1991లో క్యాప్‌కాం వారి 'స్ట్రీట్ ఫైటర్ 2' వచ్చెను. ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుండి ఒకరితో ఒకరు తలపడు ఆటకు అది ఒరవడి పెట్టినది. అందులో చున్‌లీ అను స్త్రీ పాత్ర తండ్రిని చంపినవానిని వెదకు పోరుగత్తె.

ఇది వట్టి మీటలు నొక్కుట గదా యని నేనును అనుకొంటిని. మా మనుమరాలు వివరించినది. తెరపై బొమ్మ క్షణమునకు అరువది మారులు మారును. వేగమైన దెబ్బ అందులో మూడు నాలుగు బొమ్మల కాలములోనే తగులును. కన్ను చూచి చేయి కదలుటకు పండ్రెండు బొమ్మల కాలమైనను కావలెను. కనుక చూచి ఆపుట అసాధ్యము. ఎదుటివాని మనస్సును ముందుగా చదువవలెను. దెబ్బను కాపు ఆపును. కాపుపట్టినవానిని పట్టు పడగొట్టును. పట్టుకు వచ్చినవానిని దెబ్బ కొట్టును. ఈ మూడింటి చక్రమే ఆట. మన కుస్తీ గోదాలలో వస్తాదులు చెప్పు విద్యయు ఇంచుమించుగా ఇదియే.

ఈ విద్య నేడు వృత్తి యైనది. 2010లో ఉమెహరా దైగో జపానులో తొలి వృత్తి ఆటగాడుగా పేరొందెను. 2011లో మొమోచి అను ఆటగాడును, చోకోబ్లాంకా అను పేర ఆడు ఆయన భార్యయు వృత్తి ఆటగాండ్రుగా చేరిరి. 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో పోరాటపు విడియో ఆటకు పతకములిచ్చిరి.

దీనికి మరియొక ప్రక్క లేకపోలేదు. ఈ మాంగా మొదలైన 2020లోనే జపానులోని కగావా ప్రాంతపు శాసనసభ, పదునెనిమిదేండ్ల లోపు పిల్లలు బడిదినములలో అరువది నిమిషములు, సెలవుదినములలో తొంబది నిమిషములు మాత్రమే ఆటయంత్రము ముట్టునట్లు తలిదండ్రులు చూడవలెనని నిబంధన చేసినది. శిక్ష లేదు, కర్తవ్యము మాత్రమే. ఒక విద్యార్థి దీనిపై న్యాయస్థానమున కెక్కెను. 2022లో తకమత్సు జిల్లా న్యాయస్థానము ఆ నిబంధన రాజ్యాంగవిరుద్ధము కాదని తీర్పు చెప్పినది. నిద్ర చెడగొట్టుకొను పిల్లలను చూచిన తలిదండ్రుల భయము అబద్ధము కాదు. దానిని నేను తేలికగా త్రోసిపుచ్చను.

తెలుగు కథ, జపాను బాలికలు

చదువరులు ఇందులో తెలుగువారి ప్రసక్తి ఏమని అడుగవచ్చును. ఒకటి కలదు. 1913లో రైలు సంస్థాధిపతి కొబయాషి ఇచిజో తకరజుకా అను ఊరిలో కేవలము బాలికలతో ఒక గానబృందమును స్థాపించెను. జనులు రాక మూతపడిన ఈతకొలనును నాటకశాలగా మార్చి, 1914లో తొలి ప్రదర్శన మిచ్చిరి. నాటినుండి నేటివరకు అచట పురుష పాత్రలన్నియు స్త్రీలే ధరింతురు. 2022లో మన తెలుగు చిత్రము 'ఆర్.ఆర్.ఆర్.' జపానులో విడుదలయై అశేష జనాదరము పొందగా, 2024 జనవరిలో తకరజుకావారు దానిని నాటకముగా ప్రదర్శించిరి. మన కొమరం భీము, అల్లూరి పేరుగల వీరులను జపాను యువతులు అభినయించిరి. మర్యాదకు మారుపేరైన సంస్థలో స్త్రీలు మీసము పెట్టి పోరాడగా చూచి వేలమంది కుటుంబ స్త్రీలు కన్నీరు నించిరి. రంగస్థలముపై పోరాడినచో కళ, గదిలో పోరాడినచో అపరాధమా?

మన గుడివాడలో జన్మించిన కోనేరు హంపి చదరంగములో 2002లో, పదునైదేండ్ల ప్రాయమున, గ్రాండ్‌మాస్టరు బిరుదము పొందినది. ఆమెకు గురువు స్వయముగా తండ్రియే. ఆమె ఆట దాచుకొనవలసిన పని లేకపోయినది. అది ఎంత భాగ్యమో మా యింటి సంగతి చెప్పినగాని తెలియదు.

నాకు రెండేండ్లు పెద్దయైన అక్క కలదు. 1972 ప్రాంతమున మా అక్క బడిలో ఖోఖో జట్టున ఆడెడిది. ఇంట ఎవ్వరికిని తెలియదు. పరికిణీ కుచ్చెళ్ళు దోపి ఆడి, వచ్చునప్పుడు వీధి కొళాయివద్ద కాళ్ళ దుమ్ము కడుగుకొని, నెత్తిన కొంగు సరిచేసికొని ఇంట అడుగుపెట్టెడిది. అంతటి వేగముగా మలుపు తిరుగు పిల్ల ఆ ప్రాంతమున లేదని తోటివారు చెప్పుకొనెడివారు. ఆ సంగతి మా నాయనకు చెప్పినవాడను నేనే. ఏల చెప్పితినో నేటికిని సరిగా చెప్పజాలను. నన్నెవరును మెచ్చుకొనుట లేదన్న అసూయ కావచ్చును. నాయన కొట్టలేదు. మరునాటినుండి బడి మాన్పించి, బీడీల చేట ఆమె ఒడిలో పెట్టించెను. ఆ వ్రేళ్ళ వేగము బీడీలకు పనికివచ్చినది. నా చదువు సాగినది.

ఈ మాంగా చదివిన పిమ్మట మనుమరాలితో కలిసి అక్క యింటికి వెళ్ళితిని. పిల్ల కథను మా యింటి తెలుగులో చెప్పుచుండగా అక్క కన్నార్పక విన్నది. తుదకు, "ఆ పిల్లలు దొరికిపోయిన్రా?" అని అడిగినది. "ఇంకా లేదు నానమ్మా, కథ నడుస్తనే ఉన్నది" అని పిల్ల అన్నది. "చెప్పెటోడు పక్కన లేకుంటె దొరకరు" అని అక్క నవ్వినది. నావైపు చూడలేదు. నేను యాబదియేండ్లు చెప్పని క్షమాపణ నాడు చెప్పితిని.

జపాను చరిత్ర నాకు నేర్పిన పాఠము స్వల్పము. పలుకుబడి, సైకిలు, పరుగుపందెము, ఆటయంత్రము, ఇవన్నియు ఒక్కొక్క కాలమున ఆడపిల్లకు తగనివని అనిపించుకొన్నవే. కొన్నింటికి ఆ నింద తొలగినది, కొన్నింటికి తొలగుచున్నది. ఆటకు హద్దు ఉండవలసినదే. కాని దాచిన ఆటకు హద్దు పెట్టువా రుండరు. తేటగా ఎదుట ఆడు ఆటకు మాత్రమే పెద్దలు కాలము నిర్ణయింప గలరు, గెలుపున భుజము తట్టగలరు. పిల్ల దాచుచున్నదన్నచో తప్పు పిల్లయందున్నదా, దాచుకొనునట్లు చేసిన ఇంటియందున్నదా యని ముందుగా విచారింపవలెను.

మా యింట ఇప్పుడు భూగోళ పటముల పుస్తకము అలమారలో నున్నది. మాంగా బల్లపై నున్నది. సాయంకాలము చదువు ముగిసిన పిమ్మట ఒక గంట ఆట యని ఒప్పందము. అప్పుడప్పుడు నన్ను కూడ కూర్చుండబెట్టి ఓడించుచున్నది. ఓడిన ప్రతిసారియు కృతజ్ఞతలు చెప్పుట నేర్చుకొనుచున్నాను.